ఎడమ పక్క వినపడని హెడ్‌సెట్

కంప్యూటర్ గేములో శశిధర్ ఎప్పుడు చచ్చినా ఎడమ పక్క నుంచే చచ్చేవాడు.

శత్రువు అడుగుల చప్పుడు జట్టులో అందరికీ వినిపించేది, అతనికి తప్ప. "లెఫ్ట్‌ల ఉన్నడే" అని దోస్తులు మొత్తుకునేలోపే తెర మీద అతని శవం పడి ఉండేది. తప్పు హెడ్‌సెట్‌దని శశిధర్‌కు గట్టి నమ్మకం. ఆటగాడు గొప్పవాడు, పరికరం చెత్తది. ఇరవై ఏడేళ్లుగా తన ఓటములన్నిటికీ అతను ఇలాంటి కారణమే చూసిపెట్టుకున్నాడు.

ఒక ఆదివారం నాచారంలోని తన గది నుంచి ఉప్పల్ వెళ్లి, మెట్రో లైను పక్కనున్న కంప్యూటర్ షాపులో దూరాడు. కౌంటర్‌లో ఒకమ్మాయి ఉంది. చొక్కా మీది బ్యాడ్జీలో సంతోషి అని రాసి ఉంది.

"గేమింగ్ హెడ్‌సెట్ కావాలె. పైసల ఫికర్ లేదు," అన్నాడు. ఆమె కళ్లు చూశాక నోరు దాని ఇష్టం వచ్చినట్టు వాగింది.

ఆమె ఎనిమిది వేలది తీసి ముందు పెట్టింది.

"అంటే, మరీ అంత లేకుండ కాదు," అన్నాడు శశిధర్.

సంతోషి నవ్వు ఆపుకుంది. "ఎంతల చూపియ్యాలె అన్నా?"

"పదిహేను వందలల్ల."

ధర చెప్పడం కంటే ఆ 'అన్నా' అతనికి ఎక్కువ బాధనిపించింది.

"లైట్లు మెరిసేది వద్దు," అంది ఆమె. "పైసలన్నీ లైట్లకే పోతయి. చెవులకు పెట్టుకున్నంక అవి మీకు కనపడయి గూడ. చెవుల మీది మెత్త మంచిగుండాలె, మైకు మంచిగుండాలె. గిది తీస్కోండ్రి."

మెరుపులేమీ లేని నల్ల హెడ్‌సెట్ కొనుక్కొని వచ్చాడు. మూడో రోజు మళ్లీ వెళ్లాడు.

"లెఫ్ట్ పనిచేస్తలేదు."

ఆమె పెట్టుకుని చూసింది. రెండు పక్కలా బాగానే ఉంది. అయినా కొత్తది ఇచ్చింది. నాలుగు రోజులకు అతను దాన్నీ పట్టుకుని వచ్చాడు.

"గిది గూడ లెఫ్టే."

సంతోషి చేతులు కట్టుకుంది. "చూడుండ్రి అన్నా. నాతోని మాట్లాడాల్నని ఉంటే మాట్లాడుండ్రి. మంచి సామాను బద్నాం చెయ్యకుండ్రి."

శశిధర్ ముఖం ఎర్రబడింది. అందులో సగం నిజం కాబట్టి ఇంకా ఎర్రబడింది. "లేదు, నిజంగనే వినపడ్తలేదు."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకు అనిపించింది. తర్వాత తనే హెడ్‌సెట్ అతని తలకు పెట్టి పాట వేసింది. "ఏ చెవికి వస్తలేదు?"

"ఎడమ చెవికి."

హెడ్‌సెట్ తీసి, అటుది ఇటు తిప్పి మళ్లీ పెట్టింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ ఎడమ చెవికే."

సంతోషి పాట ఆపింది. లోపం హెడ్‌సెట్‌ది కాదు, చెవిదని శశిధర్‌కూ అర్థమైంది. ఏదో నవ్వినట్టు చేసి, హెడ్‌సెట్ అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

మల్లాపూర్ ఫ్యాక్టరీలో అతను నాలుగేళ్లుగా ప్రెస్ మిషన్‌కు ఎడమ పక్క ఇచ్చి నిలబడతాడు. కంపెనీ ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు లాకర్‌లో విప్పకుండా పడి ఉన్నాయి. పెట్టుకుంటే తోటివాళ్లు నవ్వుతారని భయం. సరిగా వినపడటం లేదని ఏడాదిలో రెండు ఫోన్లు మార్చాడు. చెవి మీదికి మాత్రం అనుమానం పోనివ్వలేదు.

రెండు రోజుల తర్వాత ఫోను వచ్చింది. బిల్లు మీది నంబరు చూసి సంతోషి చేసింది.

"శశిధర్ గారూ, మీ హెడ్‌సెట్ నా దగ్గర్నే ఉంది."

"ఇంక నాకెందుకు?"

"మా నాయిన ఇరవై ఏండ్లు మిల్లుల పనిచేసిండు. మొదట్లనే చూపించుకొమ్మంటే ఇనలే. ఇప్పుడు మేం ఒకటడిగితే ఇంకొకటి చెప్తడు. మీరైన దవాఖానాకు పోండ్రి. భయమైతే నేనొస్త. రేపు నాకు సెలవు."

ఈసారి 'అన్నా' లేదు. ఆ సంగతి కుడి చెవి స్పష్టంగా విన్నది.

దవాఖానాలో డాక్టరమ్మ ముందు ఎడమ చెవి లోంచి చింతగింజంత గులిమి తీసింది. సంతోషి పక్కకు తిరిగి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజుల దుఃఖం దీని కోసమా అని శశిధర్‌కు సిగ్గేసింది, ప్రాణం కూడా లేచివచ్చింది. అయితే పరీక్ష అయ్యాక డాక్టరమ్మ నవ్వలేదు. వినికిడి సగమే తిరిగి వచ్చిందని, మిగతాది మిషన్ చప్పుడుకు పోయిందని, పోయింది ఇక రాదని చెప్పింది.

ఆ సాయంత్రం షాపు దగ్గర సంతోషి హెడ్‌సెట్ ఇస్తూ, రెండు పక్కల శబ్దమూ రెండు చెవులకూ వచ్చేలా కంప్యూటర్‌లో ఎట్లా మార్చుకోవాలో చూపించింది. వాల్యూమ్ సగం దాటనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి శశిధర్ గేములో అన్ని వైపుల నుంచీ చావడం మొదలుపెట్టాడు. తనకు అసలు ఆట కూడా రాదని అప్పుడు తేలింది.

ఆ చావుల ముచ్చట చెప్పడానికి వారం వారం ఉప్పల్ వెళ్లేవాడు. మూడో నెలలో ఒక వాన సాయంత్రం, మెట్రో స్టేషన్ కింద నిలబడి అడిగేశాడు.

"సంతోషీ, నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందామా?"

ఆమె గొడుగు విప్పింది. "మా నాయిన్ను అడుగు," అంది.

ఆదివారం పీర్జాదిగూడలో వాళ్ల ఇంటికి వెళ్లాడు. తండ్రి కొమురెల్లి వాకిట్లో కుర్చీ చూపించాడు. శశిధర్ మెల్లగా, మర్యాదగా విషయం చెప్పాడు.

"హెడ్‌సెట్లా? మాకొద్దు బిడ్డా. మా పిల్ల షాపుల్నే ఉంటయి," అన్నాడు కొమురెల్లి.

శశిధర్ గొంతు పెంచాడు. పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకా పెంచాడు. చివరికి "మీ బిడ్డను పెండ్లి చేసుకుంట మామా" అని అరిచేసరికి ఎదురింటి మిక్సీ ఆగింది. పైఅంతస్తులో ఇద్దరు ఆడవాళ్లు పిట్టగోడ మీంచి తొంగిచూశారు.

"ఇనబడ్డది, ఇనబడ్డది," అన్నాడు కొమురెల్లి. "మరి దాన్ని అడిగినవా?"

"అడిగిన. మిమ్మల్ని అడుగుమన్నది."

"ఏమే, నీకిష్టమేనా?"

సంతోషి ఇంటి గుమ్మంలోకి వచ్చింది. "ఇష్టమే నాయినా," అంది, తండ్రికి వినపడేంత గట్టిగా. పైనున్న ఆడవాళ్లు నవ్వారు. శశిధర్ తల దించుకున్నాడు, నవ్వు మాత్రం దాచలేకపోయాడు.

కొమురెల్లి కుర్చీ దగ్గరికి జరుపుకుని అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీ చెవి సంగతి బిడ్డ నాకంతా చెప్పింది. రేపటి సంది చెవులల్ల ప్లగ్గులు పెట్టుకొనే మిషన్ కాడ నిలబడు. నా బిడ్డ చిన్నప్పటి గొంతు నాకు యాదికున్నది, ఇప్పటిది సక్కగ తెల్వది. నువ్వైన ముసలోనివి అయ్యేదాంక దాని గొంతు ఇను."