గరాటులోంచి వచ్చిన పేరు

నేను మొదటిసారి చూసినప్పుడు ఆగతా నన్ను తిడుతోంది. గ్రౌష్టోక్ కొండల మీద, కొండలెక్కేవాళ్ల కోసం దారి గుర్తులు వేసే ఉద్యోగం నాది. ఎర్ర రంగు, తెల్ల రంగు డబ్బాలు పట్టుకుని తిరుగుతూ బండ కనబడితే గీత గీయడమే. ఆ రోజు నేను గీసింది వాళ్ల ఆవులు ఉప్పు నాకే బండ మీద.

"రంగు నాకి ఆవు చస్తే మీ ఆఫీసువాళ్లొచ్చి పాలు ఇస్తారా?" అంది.

మధ్యాహ్నమంతా కూర్చుని ఆ రంగు గీకాను. ఆమె తండ్రి బాల్ట్సర్ ఆ మేతబీడుకు పెద్ద కాపరి. ఆయన జాలిపడి రొట్టె, చీజ్ పెట్టాడు. ఆ చీజ్ కోసమే మర్నాడూ వెళ్లానని నాకు నేను చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి వాళ్ల పాక చుట్టూ ఉన్న బండలకే ఎక్కువ గుర్తులు పడ్డాయి. గుడ్డివాడికి కూడా మా ఇంటి దారి తెలిసేలా చేశారే అని ఆగతా ఎగతాళి చేసింది.

బూడిదరంగు కాపరి అనే దయ్యం సంగతి ఆమే చెప్పింది. ఎప్పుడో ఒక కాపరి విధవరాలి ఒక్కగానొక్క ఆవును లోయలోకి తోసేశాడట. చచ్చినా వాడికి విడుదల లేదు. పొగమంచులో తిరుగుతూ మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తాడు, అదీ వాళ్లకు తెలిసినవాళ్ల గొంతుతో. పలికినవాళ్లు అటే నడిచి లోయలో పడతారు. వాడి నోట రానిది మేరీమాత పేరు ఒక్కటే. అందుకే రోజూ సాయంత్రం బాల్ట్సర్ పాలు వడగట్టే చెక్క గరాటును నోటి దగ్గర పెట్టుకుని కొండల మీదికి ప్రార్థన పిలుస్తాడు. ఆ గొంతు వినబడినంత మేర మనిషికీ గొడ్డుకీ రక్ష.

నేను నవ్వాను. "నన్ను పిలిస్తే పలికి, ఒక డబ్బా ఎర్ర రంగు ఇస్తాను. కాస్త కళగా ఉంటాడు."

"మా చిన్నాన్న కూడా ఇలాగే నవ్వేవాడు" అని ఆగతా గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత పై గట్టు మీద పని చేస్తుంటే పొగమంచు దిగింది. బ్రష్ పట్టుకున్న నా చెయ్యే నాకు కనబడలేదు. ఒక అడుగు వేస్తే కాలి కింది రాయి జారింది. అది కింద పడిన చప్పుడు చాలాసేపటికి గాని రాలేదు. అక్కడే బోర్లా పడుకుని గడ్డి పట్టుకున్నాను.

సాయంత్రమవుతోంది. ఆ చలిలో తెల్లారేదాకా బతకనని తెలుసు. బాల్ట్సర్ ప్రార్థన వినబడితే అటు పాకవచ్చు అనుకున్నాను. అంతలోనే, జలుబు చేసి రెండు రోజులుగా ఆయన గొంతు పెగలడం లేదని గుర్తొచ్చింది.

అప్పుడు కుడివైపు నుంచి వినబడింది, ఆగతా గొంతు.

"లినుస్."

నోరు తెరిచాను. ఇంతలో ఎడమవైపు నుంచి అదే గొంతు, అదే పేరు. కొంచెం నెమ్మదిగా, కొంచెం దగ్గరగా.

ఒకవైపు పాక, ఒకవైపు లోయ. ఏది ఏదో తెలియదు. నవ్విన నోటికే చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊపిరి కూడా వినబడకుండా పడుకున్నాను. పేరు మళ్లీ మళ్లీ వచ్చింది, రెండు వైపుల నుంచీ. చివరికి ఆ గొంతులో ఏడుపు తెలిసింది. అయినా పలకలేదు. నేనింత పిరికివాణ్ణని నాకే తెలియదు.

పిలుపు ఆగిపోయింది. దాంతో ఇంకా భయమేసింది.

తర్వాత ప్రార్థన మొదలైంది, గరాటులోంచి, సాగదీసిన స్వరంతో. ఆ కొండల్లో ఆడవాళ్లు గరాటు పట్టే ఆచారం లేదు. కానీ ఆ గొంతు ఆగతాదే.

"మేరీమాతా, ఈ కొండ మీది ఆవుల్ని కాపాడు, దూడల్ని కాపాడు, మా నాన్నను కాపాడు." ఒక్క క్షణం ఆగింది. "మా లినుస్‌ను కాపాడు."

అది కుడివైపు నుంచే వచ్చింది. ఎడమవైపు నిశ్శబ్దం.

మోకాళ్ల మీద పాకాను. ప్రార్థన అయిపోతే ఆమె మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఏడోసారికి నా చేతికి ఆమె బూట్లు తగిలాయి.

"పలకలేదేం?" అంది బొంగురు గొంతుతో. "దయ్యాలు లేవని నవ్వావుగా." నన్ను 'మీరు' అనడం మానేసింది.

"ఉన్నాయేమోనని."

నా చొక్కా పట్టుకుని ఒక కుదుపు కుదిపింది. తర్వాత వదల్లేదు.

పాక లోపల పొయ్యి దగ్గర బాల్ట్సర్ గుసగుసలాడాడు. ఆయనకు మిగిలిన గొంతు అంతే. "కింద మూడు బీళ్లవాళ్లు విన్నారయ్యా, 'మా లినుస్' అని. ప్రార్థనలో అబద్ధం చెబితే పాపం. మరి ఇప్పుడెలా?"

ఆగతా బాగానే మండుతున్న పొయ్యిని మళ్లీ ఎగదోయసాగింది.

"అబద్ధం కాకుండా చూసుకుంటాను" అన్నాను. "తనకు ఇష్టమైతే."

"ఇష్టం లేకుండానే ఏడుసార్లు అరిచానా?" అంది, పొయ్యి వైపే చూస్తూ.

బాల్ట్సర్ లేచి నా నుదుటి మీద బొటనవేలితో శిలువ గుర్తు వేశాడు.

పేరును రెండు వైపులా పలికిన కొండ ప్రార్థనను ఒకవైపే ఎందుకు పలికింది? ఎడమవైపు రాతిగోడ నా పేరును తిప్పి పలికి ఉంటుంది, గరాటు గొంతును ఒకవైపే పంపి ఉంటుంది అనుకుంటాను. ఎండ కాసే రోజున గరాటు పట్టుకెళ్లి పరీక్షించి చూడవచ్చు. పందొమ్మిదేళ్లయింది. ఇంకా ధైర్యం రాలేదు.

ఇప్పటికీ పొగమంచులో ఆగతా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటాను. ఆమె ముందు మేరీమాత పేరు చెప్పి, ఆ తర్వాత నన్ను తిడుతుంది. అప్పుడు పలుకుతాను.