టీచరమ్మ వద్దన్న ఇంజెక్షన్

"టీచరమ్మకి ఇంజెక్షన్ వద్దని చెప్పింది మీరేనా?"

డాక్టరమ్మ అడిగిన తీరుకి కారిడార్ తుడుస్తున్న ఆయా కూడా చెయ్యి ఆపేసింది. ఎదురుగా ఉన్న యువకుడు మాత్రం టీ కప్పును నిదానంగా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఆవిడ గదిలో నేనింకా అడుగే పెట్టలేదండీ."

"మరి దేవుడి కోసం నొప్పి ఓర్చుకుంటానంటున్నారే! ఇలాంటివి మీ వాళ్ళు కాక ఎవరు నేర్పుతారు?"

"మా వాళ్ళంటే నేనొక్కణ్ణే. అసిస్టెంట్ కావాలని అడిగాను, ఇంకా శాంక్షన్ కాలేదు."

నర్సు నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుంది. డాక్టరమ్మకి నవ్వే ఓపిక లేదు. ఈ వార్డులో పనికి చేరినప్పటి నుంచి ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళెవరూ నయమై వెళ్ళరు. బాధ లేకుండా చూడడమే ఆమె పని. అడిగినవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు నమ్మిన దేవుణ్ణి వాళ్ళతో కలిసి తలుచుకోవడం అతని పని. అందుకు ఆస్పత్రే జీతమిస్తుంది. నర్సులంతా అతన్ని దేవుడబ్బాయి అంటారు.

ఆమెకి అతనంటే చిరాకు. చిన్నప్పుడు వాళ్ళమ్మ మంచాన పడితే, ప్రార్థనతో తగ్గిపోతుందని ఎవరో చెప్పిన మాట నమ్మి ఇంట్లోవాళ్ళు మందులు మానిపించారు. అమ్మ దక్కలేదు. ఆ కోపమూ చల్లారలేదు.

"రండి, ఆవిడనే అడుగుదాం," అన్నాడతను. "మీరు కోపంగా అడగండి, నేను మామూలుగా అడుగుతాను."

మంచం మీద టీచరమ్మ దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పడుకుంది. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు రోగం ఎముకల్లోకి పాకింది.

"ఇద్దరొచ్చారేం? ఇన్‌స్పెక్షనా?"

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నొప్పి ఓర్చుకోమని దేవుడేమైనా చెప్పాడా టీచర్ గారూ?"

"ఆయనెందుకు చెప్తాడు? ఆ సూది వేస్తే మత్తుగా పడుంటున్నాను బాబూ. దండం పెట్టుకుందామంటే మాటలు అందడం లేదు. అలా నిద్రలోనే పోతే? వెళ్ళొస్తానని ఆయనతో ఒక్క మాటైనా చెప్పుకోవద్దూ?"

డాక్టరమ్మ డోసు గురించి ఆవిడకి ఎన్నోసార్లు చెప్పింది. ఎందుకొద్దంటున్నారని మాత్రం ఒక్కసారీ అడగలేదు. మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"పొద్దుటి డోసు తగ్గిస్తాను. కొంచెం నొప్పి ఉంటుంది, కానీ తెలివిలో ఉంటారు. మీ ప్రార్థన అయ్యాక పూర్తి డోసు వేస్తాను. సరేనా?"

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"మీరూ ముందే చెప్పొచ్చుగా!"

టీచరమ్మ దేవుడబ్బాయి వైపు చూసింది. "ఇద్దరం మొండివాళ్ళమే. మధ్యలో నువ్వు చిక్కావు పాపం."

మర్నాటి నుంచి పొద్దున్నే అతను వచ్చేవాడు. టీచరమ్మకి ప్రార్థనలో మాట అందనప్పుడల్లా మెల్లగా అందించేవాడు. డాక్టరమ్మ మొదట్లో తలుపు బయటే నిలబడేది. తర్వాత లోపలికొచ్చి గోడకి ఆనుకుంది. వాన కురుస్తున్న ఒక పొద్దున కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు టీచరమ్మ తల మీదుగా ఇద్దరి చూపులూ కలిశాయి.

"ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచారు మీరు," అంది బయటికొచ్చాక.

"మీరు మూసుకుని ఉంటే తెలిసేది కాదుగా!"

ఆమె నవ్వేసింది. నవ్వు వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

టీచరమ్మ కళ్ళు ఏ తరగతిలోనైనా వెనక బెంచీ దాకా చూసిన కళ్ళు. ఆ సాయంత్రం నాడి చూస్తున్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నేను పోయాక ఏ వంకతో కలుసుకుంటారు?"

"టీచర్ గారూ!"

"మంచివాడమ్మా. నాకెలాగూ ఓపిక లేదు, దీవెన ఇప్పుడే ఇచ్చేస్తున్నా."

ఆ వారంలోనే టీచరమ్మ వెళ్ళిపోయింది. ఆ పొద్దున ప్రార్థన పూర్తిగా, తడబడకుండా చేసుకుంది. "ఇక వెయ్యమ్మా," అని తనే చెయ్యి చాపింది. మధ్యాహ్నం, కబురందుకుని వచ్చిన కొడుకు చెయ్యి పట్టుకుని ఉండగా శ్వాస ఆగింది.

పనులు ముగించుకుని డాక్టరమ్మ దేవుడబ్బాయి కోసం వెతికింది. ఆస్పత్రి ప్రార్థన గదిలో చివరి బెంచీ మీద, చెప్పులు విడిచి, నేల చూస్తూ కూర్చున్నాడు.

"ప్రార్థన చేసుకుంటున్నారా? తర్వాత వస్తాను."

"ప్రార్థనే రావడం లేదండీ." తల ఎత్తకుండానే అన్నాడు. "పొద్దున్నుంచి అందరి కోసమూ చేశాను. నా కోసం చేసుకుందామంటే ఒక్క మాటా మిగల్లేదు."

ఆమె పక్కన కూర్చుంది. "నాకు నమ్మకం లేదు. వస్తుందనీ చెప్పలేను. ఊరికే కూర్చుంటాను, ఫర్వాలేదా?"

"నా ఉద్యోగంలో సగం అదే."

బయట వాన మళ్ళీ మొదలైంది.

"మీరంటే నాకిష్టం," అన్నాడతను హఠాత్తుగా. "చెప్పే రోజు ఇది కాదని తెలుసు. కానీ దాచుకునే ఓపిక లేదు."

"నాకూ లేదు."

"ఇష్టమా?"

"ఓపిక." అతని వైపు తిరిగింది. "ఇష్టం ఉంది."

అతను మొహం తుడుచుకున్నాడు. "మరి ఇప్పుడేం చేద్దాం?"

"ఎవరింటికి వాళ్ళం వెళ్ళి నిద్రపోదాం. మిగతావన్నీ లేచాక."

అతను నవ్వబోయి ఆవలించాడు. ఆమె లేవబోయేసరికి అతని తల ఆమె భుజం మీదికి వాలిపోయింది. ఆమె లేపలేదు. భుజం తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుంది. ఎక్కాక కూడా కూర్చుంది.