లోవమ్మ మలుపులో లైటు

మొగల్తూరు దారిలో కాలవ గట్టు మీదున్న ఆ మలుపుకి మంచి పేరు లేదు. చేపల గంపతో వ్యానులో పోతూ పోతూ, ముసలి లోవమ్మ కాలవలో పడి చచ్చిపోయింది అక్కడే. అప్పట్నుంచీ దారినపోయే బళ్లెక్కి ఎవరో ఒకర్ని తోడు తీసుకుపోతుందని చెప్పుకునేవారు. బండిలో లైటు దానంతటదే వెలిగిందా... ఎక్కినట్టే! వెనక్కి మాత్రం తిరిగి చూడకూడదు.

బుల్లియ్య ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే మనిషే. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది పాత కారు కొన్నాక ఆ నవ్వు కాస్తా పోయింది. చీకటి పడ్డాక ఆ మలుపు తిరిగితే చాలు — లోపలి లైటు టక్కున వెలిగేది. కాస్త దూరం పోయాక ఆరిపోయేది.

ఓ పొద్దున తలుపు పక్కనున్న బొత్తాం స్విచ్చి ఊడదీశాడు. తలుపు మూస్తే అది నొక్కుకుని లైటు ఆరాలి, తెరిస్తే పైకి లేచి లైటు వెలగాలి; అంతే దాని పని. తుప్పు గీకాడు. స్ప్రింగు మార్చాడు. వైరు ఎక్కడైనా రేకుకి తగులుతోందేమోనని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తడిమాడు. ఎక్కడా లోపం లేదు!

"స్విచ్చి బాగానే ఉందే... అయితే లోవమ్మే," అన్నాడు పెళ్లాంతో, గొంతు తగ్గించి.

"చీకటడ్డాక ఆ దారిన రాకు మావా," అంది లక్ష్మి.

కానీ రావాల్సొచ్చింది. నరసాపురంలో అమ్మమ్మగారింటి నుంచి కూతురు సత్యకుమారిని తీసుకొస్తుంటే పొద్దుపోయింది. ముందు సీట్లో వల మూట. వెనక సీట్లో పిల్ల తలుపుకి జారబడి నిద్రపోయింది.

మలుపు వచ్చింది. కారు గోతిలో దబ్బున పడి లేచింది...

లైటు వెలిగింది!

బుల్లియ్య వెనక్కి తిరగలేదు. పిల్లని ఏం చేస్తుందో అని ప్రాణం విలవిల్లాడుతోంది — అయినా తిరగలేదు. మెడ మీద చల్లగా గాలి తగిలింది.

"సత్యా..."

గాలి ఎక్కువైంది.

గాలా? అద్దాలన్నీ తనే కదా ఎక్కించాడు! మరి గాలెక్కణ్ణుంచి?

స్విచ్చి బాగానే ఉంది... అంటే తలుపు నిజంగానే తెరుచుకుంటోంది! ఇన్నాళ్లూ ఆ లైటు చెబుతున్నది అదే. అరిగిపోయింది తలుపు గడియ. దాన్ని ఒక్కసారైనా చూశాడా తను?

బ్రేకు తొక్కి వెనక్కి తిరిగాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్ల నడుం దాకా కాలవ మీదికి వాలిపోయి ఉంది — పడలేదు. ఎలా ఆగిందో! దిగి పరిగెత్తి, ఒక్క ఉదుటున ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. బావురుమన్నాడు.

"పడిపోయేదానివే తల్లీ..."

"మామ్మ పట్టుకుంది కదా నాన్నా," అంది సత్య నిద్రమత్తులో.

"ఏ మామ్మ?"

పిల్ల కాలవ వైపు చెయ్యి చూపించింది. అక్కడెవరూ లేరు.

వాన లేదు, మంచూ లేదు... పిల్ల గౌనంతా పొడిగానే ఉంది. జబ్బ దగ్గర మాత్రం నీళ్లోడుతోంది, ఎవరో తడిచేత్తో గట్టిగా పట్టుకున్నట్టు.