గార్డుగారి వెనక దీపం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా లైన్ చివర, పట్టాల పక్కన ఒక ఖాళీ క్వార్టర్ ఉంది. చీకటి పడ్డాక అటు కుక్కలు కూడా పోవు. ఆటోవాళ్ళు మలుపు దగ్గరే బండి ఆపేసి "యహీఁ తక్, భైయా" అంటారు. ఎంత బతిమాలినా ఆపైన చక్రం కదలదు.

కారణం... గార్డుగారు.

ఎప్పుడో పోయిన గార్డట. ఒక రాత్రి ఆయన కళ్ళ ముందు నుంచి వెళ్ళిన గూడ్సు బండికి వెనక దీపం కనబడలేదట. ఆ దీపం కనబడితేనే బండి పూర్తిగా వెళ్ళినట్టు. కనబడలేదంటే, తోకలో డబ్బాలు ఎక్కడో తెగి ఉండిపోయినట్టు. ఆ దీపం చూడందే డ్యూటీ దిగనని ఆయన ఇప్పటికీ ఆ క్వార్టర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడట. చేతిలో పచ్చ దీపం. ఎవరైనా అటు పోతే... దాన్ని మెల్లగా ఊపుతాడట.

ఈమధ్య గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు గానీ, ఆ ఆర్డరు ఈయనకి ఇంకా అందినట్టు లేదు.

విన్నవాళ్ళందరూ ఇది తాతల నాటి కథ అనుకుంటారు. కాదు. గార్డుగారు పుట్టింది పోయిన చలికాలంలో. పుట్టిన చోటు—వేణుగోపాల్ బుర్ర.

వేణు మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. బజార్లో పుకారు ఎలా నడుస్తుంది, దారిలో ఏమేం తగిలించుకుంటుంది అన్నది వాడి థీసిస్. లోకంలో పుకార్లకి కరువొచ్చినట్టు, సొంతంగా ఒకటి తయారు చేస్తానన్నాడు. గైడు విశ్వనాథం గారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద.

"ఎవరికీ హాని చెయ్యని పుకారు పుట్టించు. పని అయ్యాక నీ చేత్తోనే చంపు. అది అబద్ధమని మీ లైన్ ఒప్పుకున్న రోజున నేను సంతకం పెడతాను. అంతవరకు అడగకు."

పుట్టించడం ఎంతసేపు? సాయంత్రం వాకిట్లో గోంగూర ఒలుస్తున్న నాయనమ్మ లక్ష్మీనరసమ్మ చెవిలో వేశాడు. "ఎవరికీ చెప్పకే" అని కూడా అన్నాడు, అది ఎరువన్నమాట.

వారం తిరక్కుండా గోల్ బజార్‌లో చెప్పుల కొట్టాయన అదే కథని హిందీలో వేణుకే చెప్పాడు, గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి. పాలు పోసే మనిషి తన బావమరిది బెల్తరా నుంచి వస్తూ కళ్ళారా చూశాడన్నాడు. వేణు పెట్టని టోపీ ఒకటి గార్డుగారి తలకెక్కింది. వేణు ఇవ్వని దగ్గు ఒకటి పట్టుకుంది. వేణు ఇవన్నీ వింటూ పొంగిపోయాడు. పిల్లవాడు పక్కింట్లో పద్యం అప్పజెబితే విన్న తండ్రిలా.

చంపాల్సి వచ్చినప్పుడు తెలిసింది, కన్నంత తేలిక కాదని.

ఇంటింటికీ వెళ్ళాడు. "అదంతా నేను అల్లిందండీ" అన్నాడు. "అచ్ఛా, అచ్ఛా" అన్నారు. టీ ఇచ్చారు. గుమ్మం దాకా వచ్చి, "చీకటి పడింది బాబూ, అటువేపు నుంచి ఎళ్ళకు" అన్నారు.

నాయనమ్మ వాడి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. "ఏట్రా గుంటడా, నువ్వు పుట్టించడమేటి? ఆ గార్డు సంగతి నీకన్నా ముందు నుంచి నాకు తెల్సు గదరా!"

తలపట్టుకుని కూర్చున్న తమ్ముడికి ప్రత్యూష ఉపాయం చెప్పింది. ప్రత్యూష ఎండీ చేస్తోంది. భయంలో గుండె ఎలా కొట్టుకుంటుందన్నది ఆమె రీసెర్చి. మనిషి ఛాతీకి ఒక పట్టీ కడుతుంది. గుండె ఎంత గెంతితే ఆమె ఫోన్‌లో గీత అంత గెంతుతుంది.

"పట్టీ కట్టుకుని, లైట్లన్నీ ఆర్పేశాక, ఆ క్వార్టర్ మెట్లెక్కి రా. లైన్ అంతా వరండాల్లోంచి చూస్తారు. నీ గుండె ఇంట్లో ఉన్నంత నిదానంగా ఉందని నేను వాళ్ళకి చూపిస్తాను. గుండె అబద్ధం ఆడదు కదరా! పైగా నాకూ భయం లేని మనిషి ఒకడు కావాలి. దొరికేవాళ్ళంతా పిరికివాళ్ళే. పోల్చి చూడ్డానికి ఒక్కడూ లేడు."

"నా దెయ్యానికి నేను జడుస్తానా అక్కా?" అన్నాడు వేణు, ఛాతీ కొంచెం ముందే విరుచుకుని.

సౌమ్య అక్కడే ఉంది. వేణుకి మేనత్త కూతురు, మరదలు. మెటీరియల్స్ సైన్స్‌లో రీసెర్చి. సీపత్ కరెంటు ప్లాంటు నుంచి బూడిద బస్తాలు తెచ్చుకుని, కరెంటు పోయినా మెట్లు కనబడేలా ఏదో రంగు తయారు చేస్తుంటుంది. ఆ రంగుకి ఒకటే రోగం. పూసిన చోట ఉండదు, ముట్టుకున్నవాడికి అంటుకుని వెళ్ళిపోతుంది. మామూలుగా అయితే బావ ఛాతీ మీద ఆమె ఓ పది మాటలు విసిరేది. ఆ పూట ఒక్కటీ అనలేదు.

వేణు అప్పుడే జాగ్రత్తపడాల్సింది. పడలేదు.

*

రాత్రి అన్నాలయ్యాక లైన్ మొత్తం వరండాల్లోకి వచ్చింది. ఇంటికో మంచం, ఇంటికో దోమల అగరుబత్తి. ఎదురింటి గోవిందరావు తాతగారు వైరు కుర్చీ వేయించుకుని గేటు దగ్గరే కూర్చున్నారు. ఆయన నిజం గార్డు, రిటైరయ్యారు. వెనక దీపం ముచ్చట్లన్నీ వేణు ఆయన దగ్గరే విని, ఆయనకి చెప్పకుండా దెయ్యానికి తొడిగాడు.

ఫోను అక్క తీసుకుంది. టార్చి నాయనమ్మ లాక్కుని, బదులుగా జేబులో ఓ నిమ్మకాయ పడేసింది. సౌమ్య గేటు దాకా వచ్చింది.

"ఎళ్ళిరా బావా. గార్డుగారిని అడిగానని చెప్పు."

అని వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది.

లైట్లు ఆరిపోయాయి.

వేణు నడిచాడు. మొదట బాగానే నడిచాడు. వెనకాల గుసగుసలు వినబడుతున్నంతసేపు మనిషి ధైర్యంగానే ఉంటాడు. తరవాత అవి ఆగిపోయాయి. చెప్పుల కింద కంకర... కిర్రు... కిర్రు. ఆగితే అదీ ఆగుతుంది. ఆగిన కాసేపటికి ఇంకొక్క కిర్రు. అది తన చెప్పుదేనా?

'ఒరే, ఈ కథ నీది. టోపీ, దగ్గు తప్ప మిగతాదంతా నువ్వే రాశావు' అని చెప్పుకున్నాడు. బుర్ర ఒప్పుకుంది. మోకాళ్ళు ఆ థీసిస్ చదివినట్టు లేవు.

ఎక్కడో... ఎవరో దగ్గారు.

పొడి దగ్గు. రాత్రి డ్యూటీ వాళ్ళ దగ్గు.

వేణు జేబులో నిమ్మకాయ పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు. వదల్లేదు మాత్రం.

క్వార్టర్ వచ్చింది. తలుపు లేని గుమ్మం నోరు తెరుచుకుని ఉంది. మెట్లెక్కి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకున్నాడు. ఏదో మెత్తటి పొడి అరచేతులకి తగిలింది. దుమ్ము... ఎన్నాళ్ళ దుమ్మో. అయిపోయింది! ఇక దిగి వెళ్ళడమే. సంతకం వచ్చేసినట్టే.

అప్పుడు పట్టాలు సన్నగా పాడాయి.

మలుపు తిరిగి బొగ్గు బండి వచ్చింది. ఇంజను దీపం తిన్నగా మొహం మీద పడింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. తాళలేక వీపు తిప్పాడు. నేల, మెట్లు, లోపలి గోడ అన్నీ ఒక్కసారి తెల్లబడి, నీడలు లేచి పరిగెత్తి... ఆగిపోయాయి. ఇక డబ్బాలు. నల్లగా, ఒకదాని వెనక ఒకటి, తెగని డబ్బాలు. వేణు మళ్ళీ పట్టాలవేపు తిరిగి, తనకి తెలీకుండానే నిలబడిపోయాడు. ఎందుకో తెలుసా? వెనక దీపం చూడ్డానికి! తను రాసిన దెయ్యం ఏం చేస్తుందో అదే తను చేస్తున్నానని తట్టేసరికి, ఒళ్ళు జల్లుమంది.

బండి వెళ్ళిపోయింది. అవతలి మలుపు వెంటనే అడ్డొచ్చింది. దీపం కనబడలేదు.

చీకటి మునుపటికన్నా చిక్కగా దిగింది.

ఆ చీకట్లో... వాడి మొహానికి జానెడు దూరంలో...

రెండు పచ్చటి చేతులు.

మనిషి లేడు. మొండెం లేదు. ఊరికే చేతులు. అయిదేసి వేళ్ళు. వేణు వెనక్కి జరిగాడు. అవీ జరిగాయి. "వద్దు" అన్నాడు. తోసేశాడు... అవి ఊగాయి. మెల్లగా. పక్కకి, పక్కకి. సరిగ్గా వేణు రాసినట్టే.

మెట్లు ఎలా దిగాడో మెట్లకే తెలియాలి. "ఓలమ్మో!" అన్న కేక తనదేనని తరవాత ఒప్పుకున్నాడు. పరిగెత్తుతుంటే ఆ చేతులు వదల్లేదు. కుడిపక్కన ఒకటి, ఎడంపక్కన ఒకటి, తనతో సమానంగా, పైకీ కిందకీ, పైకీ కిందకీ. చెప్పు ఒకటి ఊడింది. నిమ్మకాయ పోయింది. ఇంట్లోకి దూరి, తలుపేసి, గడియ పెట్టి, గడియకి అడ్డంగా తనే నిలబడ్డాడు.

ప్రత్యూష ట్యూబులైట్ వేసింది. చేతులు మాయం.

"గా... గార్డు... చేతులు..."

అక్క వాడి మొహం చూడలేదు. ఫోన్‌లో గీత చూస్తోంది, కొత్త చీర చూసినట్టు. "ఒరే తమ్ముడూ... ఇంత అందమైన భయం నాకు ఇంతవరకూ దొరకలేదురా! భయం లేని మనిషి కావాలంటే, అందరికన్నా పెద్ద భయస్తుడివి దొరికావు!"

సౌమ్య వెళ్ళి లైటు ఆర్పింది.

వేణు ఒంటికి అటొకటి ఇటొకటి, పచ్చటి చేతులు వేలాడుతున్నాయి. వేణు వేళ్ళు ముడిచాడు. అవీ ముడుచుకున్నాయి. విప్పాడు. విప్పుకున్నాయి.

"నా రంగు, బావా," అంది చీకట్లోంచి. "వెలుతురు తాగి చీకట్లో వెలుగుతుంది. ఆ రెయిలింగ్‌కి పూసి పెట్టాను. చేతికి అంటకుండా నిలుస్తుందేమో అని చూస్తున్నాను. నిలవలేదన్నమాట."

వేణు కూలబడ్డాడు. తన చేతుల నుంచి తనే పారిపోయి వచ్చాడు. అదీ అందరి ముందు, చెప్పు వదిలేసి. మేనేజ్‌మెంట్‌లో దీనికి ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది.

ఆ మరుక్షణం సంతకం గుర్తొచ్చింది. ఇంతకన్నా మంచి రుజువేముంది? తలుపు తీసుకుని రోడ్డు మీదకి ఉరికాడు.

"చూడండి! రంగు! దెయ్యం కాదు, రంగు! ఈ చేతులు నావే!"

లైన్ అంతా చూసింది. పచ్చటి చేతుల్ని చూసింది, వేణుని చూసింది. కొందరు నవ్వారు. నమ్మబోతున్నారు... నిజంగానే నమ్మబోతున్నారు.

వైరు కుర్చీలోంచి గోవిందరావు తాతగారు దగ్గారు. పొడి దగ్గు. ఇందాకటి దగ్గే!

"చేతులు నీవేరా నానా, కాదన్లేదు. మరి ఎనక దీపం మాటేటి?"

"వెనక దీపమేంటి తాతగారూ?"

"నువ్వు మా గేటు ముందు నుంచి పరిగెత్తావు గదా. ముందు రెండు పచ్చ దీపాలు. నువ్వు దాటిపోయినాక ఎనకాల ఇంకోటి. నేనీ కళ్ళతో ఎన్ని బళ్ళు పంపించాన్రా? ఎనక దీపం పోల్చుకోలేనా?"

నాయనమ్మ చెంపలేసుకుంది.

ఎవరో గుసగుసగా అడిగారు: "మరి గార్డుగారికి వెనక దీపం కనబడినట్టేనా? డ్యూటీ దిగిపోతారా?"

వేణు గుండెల్లో ఆశ చిగురించింది.

తాతగారు ఆలోచించారు. రూల్సు మనిషి.

"అదెలా దిగుతాడు? ఎనక దీపం ఎర్రగా ఉండాల. ఇది పచ్చగా ఉంది. లెక్కలోకి రాదు."

అందరూ తలూపారు. మంచాలు లోపలికి వెళ్ళిపోయాయి.

*

ఆ రాత్రే విశ్వనాథం గారు ఫోన్ చేసి, "ఏమయ్యా, చచ్చిందా?" అని అడిగారు.

"లేదు సర్. కొత్తగా వెనక దీపం కూడా తగిలించుకుంది."

అంతా విని ఆయన చాలాసేపు నవ్వారు. "చావకపోవడం కూడా ఫలితమే. ఒక అధ్యాయం రాయి. అందులో అందరికన్నా ఎక్కువ నమ్మినవాడి పేరు దాచకుండా రాయి. వానలు వెళ్ళాక మళ్ళీ చంపి చూడు, అప్పుడు సంతకం మాట."

వేణు ఫోన్ పెట్టేసి, లైటు ఆర్పి, బీరువా అద్దానికి వీపు పెట్టి తల తిప్పి చూశాడు.

చొక్కా నడుమ... పచ్చటి చెయ్యి. అయిదు వేళ్ళు. వేణు చేతులు ఎటు తిప్పినా అందని చోట.

"సౌమ్యా!"

గుమ్మంలో నీడ కదిలింది. దగ్గరకొచ్చింది. వెనకాల నిలబడి, తన అరచేతిని ఆ పచ్చటి గుర్తు మీద మెల్లగా ఆనించింది. వేలికి వేలు. కొలత సరిపోయింది.

"దెయ్యం చచ్చిపోతే పిల్లలు ఆ మెట్లెక్కి నా రంగంతా గీకేస్తారు బావా," అంది మెల్లగా. "వానల్లో అది నిలుస్తుందో లేదో చూసుకునే దాకా... నీ గార్డు నాకు కావాలి. అందుకే చేతికి పొడి పూసుకుని గేటు దాకా వచ్చాను. కోపమా?"

కోపం వస్తుందేమోనని వేణు కాసేపు ఎదురు చూశాడు. చెయ్యి మాత్రం వీపు మీంచి కదల్లేదు.

పక్క గదిలోంచి ప్రత్యూష గట్టిగా అరిచింది.

"ఒరే! పట్టీ ఇంకా తియ్యలేదా? మెట్ల మీదకన్నా ఎక్కువ గెంతుతోంది... మళ్ళీ ఏటి కనబడిందిరా?"