చింతపండుతో తోమిన కాల్సైట్

"నర్మద మన మనిషి కదా సార్!"

"నిన్నటిదాకా," అన్నాడు చీఫ్ లక్ష్మణరావు.

ఆబిడ్స్‌లో గడియారాల దుకాణం మీది ఆ గది సీక్రెట్ సర్వీస్ ఆఫీసని కింద కూర్చునే యజమానికి కూడా తెలియదు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. రాడార్ ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఒక కాల్సైట్ రాయిలో ఉంది. దాని స్ఫటికాల గుత్తిలో ఒకటి గాజుది. ఫిల్మ్ దాని కడుపులో ఉంది. మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌లో నర్మద ఆ రాయిని, అరుదైన రాళ్లు సేకరించే ఒక విదేశీ కలెక్టర్‌కి అందిస్తుంది.

"రాయిని దేశం దాటించడానికి అతని దగ్గర పర్మిట్ ఉంది. గాజుది ఏదో మనకు తెలీదు. పొరపాటున అసలు స్ఫటికం విరిచావో, రెండు ప్రభుత్వాల మధ్య రభస. ఒక్కటే ఛాన్స్, ఇంద్రసేనా."

ఆ రాయి ఇంద్రసేనకు తెలుసు. గన్‌ఫౌండ్రీలో నర్మద గది కిటికీలో ఉండేది. నల్లరాతి మీద తేనెరంగు మొనలు. సాయంకాలపు ఎండ వాటిలోకి దిగి, బయటికి రావడం మరిచిపోయినట్టు లోపలే నిలిచేది. ఆమె దాన్ని చూసేది. అతను ఆమెను చూసేవాడు. అది ప్రేమా, నిఘా అలవాటా అని ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. నిఘా పెట్టినవాడికి ఇంత నొప్పి ఉండదు.

స్టేషన్‌లో కూలీ రాజనర్సు తన రెండో ఎర్రచొక్కా అతనికి తొడిగించాడు.

"ఏంది సారూ, పెండ్లికొడుకు లెక్క నిలబడ్డవ్? జర నడుము వంచు. గిట్లుంటే నీకెవ్వలు సామానియ్యరు."

నల్లకళ్లద్దాలు, లేతనీలం షిఫాన్ చీరతో నర్మద వచ్చింది. పక్కనే గొడుగు పట్టుకుని కలెక్టర్. బోగీ ముందు చెక్కపెట్టె మూత తీసి అతను నిర్ఘాంతపోయాడు. సూట్‌కేసు కోసం వంగినట్టు వంగి ఇంద్రసేన కూడా చూశాడు. తేనెరంగు మీద, కళ్లకు శుక్లాలు కమ్మినట్టు, తెల్లటి పొర.

"ఏం చేశావ్ దీన్ని?" కలెక్టర్ ఇంగ్లీషులో గద్దించాడు.

"పనిమనిషి తోమింది. ఇత్తడి చెంబనుకుంది పాపం. చింతపండుతో."

ఇంద్రసేన చెయ్యి ఆగిపోయింది. నర్మదకు పనిమనిషి లేదు. పులుపు కాల్సైట్‌ను తినేస్తుందని, నిమ్మరసం గ్లాసు కూడా ఆ కిటికీ దరికి రానిచ్చేది కాదు. గాజును మాత్రం పులుపు ఏమీ చెయ్యదు.

గుత్తిలో ఒకే ఒక్క మొన ఇంకా మెరుస్తోంది.

గార్డు ఈల వేశాడు. ఇంద్రసేన ఆ మొనను విరిచేశాడు. కలెక్టర్ గొడుగు కొన అతని గుండెకు గురిపెట్టి లేచింది. అందులోని తుపాకీ పేలేలోపు పెద్ద హోల్డాల్ పరుపుచుట్ట ఒకటి ఆ చేతి మీద దభీమని పడింది.

"మాఫ్ చెయ్యి దొరా, చెయ్యి జారింది," అన్నాడు రాజనర్సు.

మఫ్టీ పోలీసులు కలెక్టర్‌కూ నర్మదకూ బేడీలు వేశారు.

"తోమింది నా కోసమేనా?" ఇంద్రసేన ఆమెను అడిగాడు.

"అది ఎంత బాగుండేదో, నువ్వన్నా గుర్తుపెట్టుకో ఇంద్రా." ఆమె కళ్లద్దాలు తియ్యలేదు.

సాయంత్రం అతను ఆ రాయిని చీఫ్ బల్ల మీద పెట్టాడు. "చివరికి మనవైపే తిరిగింది సార్. శిక్ష తగ్గించమని రాయండి."

"పాత నేరాలన్నీ ఒప్పేసుకుంది. రాయిని మాత్రం పనిమనిషే తోమిందంటోంది."

క్షమాభిక్ష కోసం ఆ రాయిని చంపానని చెప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అది ఇంద్రసేనకు అర్థమైంది. చీఫ్‌కు ఎలా చెప్పాలో అర్థం కాలేదు.

లక్ష్మణరావు ఆ చూపుపోయిన స్ఫటికాలను చాలాసేపు తడిమాడు.

"చింతపండు చారులోకి పనికొస్తుందయ్యా," అన్నాడు. "సాక్ష్యంలోకి రాదు."