వంటింటి త్రాసులో రైఫిల్

ఆ ఉదయం రొట్టెకి పిండి తూచుకుందామని నెడ్రా వంటింట్లోకి వచ్చేసరికి త్రాసు ఖాళీగా లేదు. స్కోప్‌ను రైఫిల్‌కి బిగించే రెండు రింగులు దాని మీద దర్జాగా కూర్చుని ఉన్నాయి. వాటి ముందు ఆమె భర్త ఆర్వల్, గుళ్లో నిలబడ్డంత భక్తిగా నిలబడి అంకె చూస్తున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఉప్పు ఏ అలమరలో ఉంటుందో తెలుసుకోని మనిషికి ఆ త్రాసు బటన్ ఎక్కడుందో మాత్రం రెండు నెలల్లో కంఠతా వచ్చేసింది.

కిటికీ బయట లోయ నిండా పొగ. ఎగువ అడవుల్లో పదిరోజులుగా కార్చిచ్చు రగులుతోంది. సూర్యుడు రాగి బిళ్లలా, చూడ్డానికి కళ్లు చికిలించనక్కర లేనంత మసకగా ఉన్నాడు. నదికి అవతలి కొండలు ఉన్నాయని తెలిసినవాళ్లకి తప్ప కొత్తవాళ్లకి కనిపించవు.

ఇంత హడావుడికీ కారణం జూన్‌లో వచ్చిన కొండగొర్రె ట్యాగు. ఐడహో రాష్ట్రం ఏటా లాటరీ తీసి గుప్పెడుమందికి ఇచ్చే అనుమతి అది. ఒక పొట్టేలును కొట్టాక ఆ మనిషికి ఇక జన్మలో మరొకటి లేదు. మీసం మొలిచినప్పటి నుంచీ ఆర్వల్ ఏటా పేరు వేస్తూనే వచ్చాడు. మీసం తెల్లబడ్డాక, అరవై ఆరో ఏట, పేరు తగిలింది. ఆ గొర్రెలుండే రాళ్లకి రోడ్డు లేదు, గుర్రం వెళ్లదు. గుడారం, తిండి, తుపాకీ అన్నీ వీపు మీద వేసుకుని రెండు రోజులు ఎక్కాలి. దొరికితే మాంసం కూడా ఆ వీపు మీదే దిగాలి.

అందుకని తండ్రి ఇచ్చిన వాల్‌నట్ కర్ర రైఫిల్ గోడకే ఉండిపోయింది. స్కోప్‌తో కలిపి తొమ్మిది పౌండ్లు, నాలుగు కిలోల పైమాటే అది. కొత్తదాని కోసం ఆర్వల్ చేసిన వెతుకులాట కూతురికి పెళ్లికొడుకుని చూసినప్పుడు చేసి ఉంటే ఇంకొంచెం మంచి అల్లుడు దొరికేవాడని నెడ్రా అభిప్రాయం. ఐదు పౌండ్ల లోపుది ఒకటి చూశాడు. అంత తేలికైతే దూరపు గురి మీద గొట్టం గడ్డిపోచలా ఊగుతుందనీ, పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తంతుందనీ వదిలేశాడు. కర్బన నారతో చుట్టిన గొట్టం, భుజానికి ఆనించే చోట కర్రకి బదులు పెంకులాంటి మడమ ఉన్న ఐదున్నర పౌండ్లది తీసుకున్నాడు. ఆ తర్వాత మొదలైంది కోత. సంచి పట్టీల చివర్లు కత్తిరించాడు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడు. మారు సాక్సులు ఒక జత చాలన్నాడు, పక్కన పడుకునేది తను కాదు కనుక నెడ్రా ఏమీ అనలేదు.

ఆమెకి అర్థం కానిది స్కోప్ సంగతి. మొదట పది రెట్లు పెంచి చూపే చిన్న స్కోప్ అనుకున్నాడు. కొండవేటకి అది చాలునని అతనే అందరికీ చెబుతూ ఉండేవాడు. చివరికి పాతిక రెట్లు చూపే పెద్దది తెప్పించాడు. దాని బరువు ముప్పావు పౌండు ఎక్కువ. బ్రష్ పిడి మోయలేనన్న మనిషి ఈ దుక్కలాంటిదాన్ని ఎందుకు మోస్తున్నాడని ఆమె అడిగింది. లోయకి అడ్డంగా కొట్టాల్సి రావచ్చన్నాడు. ఇప్పుడు రింగులు తూచి, అంకె నచ్చక, అలమర తలుపు తీసి సంచిలోని బైనాక్యులర్‌ని పై అరలో పెట్టేశాడు.

"మరి వెతకడం దేంతో?" అంది నెడ్రా, పిండి డబ్బా చేతిలో పట్టుకుని.

"కావాలంటే కొరిన్‌ది అడుగుతాలే. నీ త్రాసు నువ్వు తీసుకో."

కొరిన్ వాళ్ల ఒక్కగానొక్క కూతురు, ఆ ఊళ్లోనే పశువుల డాక్టరు. తండ్రితో కొండెక్కుతానని సెలవు పెట్టింది. ఆమె పైనుంచి శిఖరం చుట్టి వస్తుంది, ఆర్వల్ ఎదుటి వాలు మీద రైఫిల్ ఆనించుకుని కూర్చుంటాడు. గొర్రెలు కదిలితే అతనికి ఎదురుగా వస్తాయి. అదీ పథకం. పిండి కలుపుతూ నెడ్రా ఆ బైనాక్యులర్ గురించే ఆలోచించింది. వేటగాడు ఇంట్లో పెళ్లాన్ని మరిచిపోయి వెళ్లడం ఆమె చూసింది. బైనాక్యులర్‌ని కావాలని వదిలి వెళ్లడం ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఆమె ఊళ్లో చెల్లెలింటికి వెళ్లాల్సింది. పొగకి దగ్గు పట్టుకుంది, రావద్దని చెల్లెలు ఫోన్ చేసింది. అప్పటికే ఆర్వల్ ఇంటి వెనక మెట్ట మీద పడుకుని దూరాన వేలాడదీసిన ఇనుప పలకని కొడుతున్నాడు. తూటా, కాసేపటికి ఠంగుమని పలక. తర్వాత తూటా, ఏమీ లేదు. తర్వాత కూడా ఏమీ లేదు. చాలాసేపు చప్పుడు వినిపించకపోయేసరికి సామాను సర్దుకున్నాడనుకుంది. ఆర్వల్ పాత గోధుమరంగు చొక్కా ఒకటి మీద వేసుకుని, బకెట్టు తీసుకుని, సాగు కాలువ గట్టున అడవి చెర్రీలు కోయడానికి వెళ్లింది. పలక ఉన్న దిక్కు కాదు అది, చాలా పక్కకి.

చెర్రీలు గుత్తులు గుత్తులుగా నల్లబడి ఉన్నాయి. వంగి కింది కొమ్మలు దులుపుకుంటోంది. ఎందుకో మెడ వెనక చల్లగా అనిపించింది. లేచి చూసింది. పొగ, సేజ్ పొదలు, కాలువలో కదలని నీళ్లు. ఎప్పుడూ గోలపెట్టే గొరవంకలు కూడా లేవు. వయసు మీద పడితే ఇలాంటివి అనిపిస్తుంటాయని తనని తానే వెక్కిరించుకుని మళ్లీ వంగింది.

సాయంత్రం కొరిన్ భోజనానికి వచ్చింది. ఫ్రీజర్‌లో మిగిలిన ఆఖరి ఎల్క్ దుప్పి మాంసం, బంగాళాదుంపలు, ఉదయపు రొట్టె. పొయ్యి మీద చెర్రీల పాకం గులగులమంటోంది. ఆర్వల్ ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. పలక సంగతి అడిగితే గాలి మీదికి తోసేశాడు. స్కోప్ ఎలా ఉందని కూతురు అడిగితే మాత్రం కత్తి కింద పెట్టి మరీ చెప్పాడు.

"కళ్లకద్దుకోవాలి దాన్ని. కాలువ గట్టున ఆడజింక మేస్తోంది. ఎంత దూరం, పొగలో కూడా తోక ఊపడం కనిపించింది."

నెడ్రా పాకం కలుపుతున్న గరిటె ఆగింది. ఎప్పుడని అడిగింది. పేల్చడం ఆపాక ఊరికే అటూ ఇటూ చూశానన్నాడు. దేంతో చూశావంది. స్కోప్‌తోనే, ఇంకేం ఉంది నా దగ్గర అన్నాడు.

"తల వంచుకుని ఉందా?"

"మేసేటప్పుడు తలెత్తి మేస్తుందా ఏంటి."

"గోధుమరంగా?"

"నీకేమైంది, నెడ్రా? జింక గోధుమరంగులో కాక ఇంకే రంగులో ఉంటుంది?"

"పక్కన బకెట్టు ఉందా?"

పొయ్యి మీద పాకం పొంగి మంట మీద పడి చుయ్యిమంది. ఆర్వల్ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, ఎక్కడికి వెళ్లాలో తెలియని అతిథిలా.

"నువ్వు మీ చెల్లెలింటికి వెళ్లావు కదా" అన్నాడు చివరికి.

"వెళ్లలేదు. తోక కూడా ఊపానన్నమాట. నాకే తెలియదు."

కొరిన్ పళ్లెం పక్కకి జరిపింది. చిన్నప్పుడు తండ్రి ఎదుట పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా అడిగింది. "నాన్నా, రైఫిల్‌లో తూటా ఉందా?"

"ఒకటి ఉండిపోయింది."

"సేఫ్టీ మీట పెట్టావా?"

"పెట్టే ఉంది." బొటనవేలు మీట తోసినట్టు గాలిలో కదిలింది. "పెట్టాననే అనుకుంటున్నాను."

ఆ ఊళ్లో వేటకి లైసెన్సు కావాలన్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ తుపాకీ పాఠాలు చెప్పింది ఆర్వలే. చర్చి వెనక గదిలో కొరిన్ కూడా ముందు వరసలో కూర్చుని నేర్చుకుంది. అందులో మొదటి పాఠం ఏమిటో ఆమె ఇప్పుడు అతనికే చెప్పింది, గొంతు పెంచకుండా. వెతకడానికి బైనాక్యులర్, కొట్టడానికి స్కోప్. స్కోప్‌లోంచి చూడడమంటే గురిపెట్టడమే. ఈ మాట తప్పినందుకు పన్నెండేళ్ల పిల్లల్ని తరగతి నుంచి ఇంటికి పంపించేశావు, వాళ్ల అమ్మలు ఏడుస్తూ వచ్చినా వినలేదు అంది.

ఆర్వల్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. పొగ అన్నాడు. లోయంతా పొగే, ఎవడికి కనిపిస్తుంది అన్నాడు. ముప్పావు పౌండు మిగుల్తుందని బైనాక్యులర్ తీశానే తప్ప మరే ఉద్దేశమూ లేదన్నాడు. తన జీవితంలో ఒక్కసారి వచ్చిన ట్యాగుని ఇంట్లో ఆడవాళ్లిద్దరూ కలిసి వండుకు తింటున్నారన్నాడు.

"పొగ బకెట్టుని మింగేసింది, సరే" అంది నెడ్రా. పొయ్యి ఆపింది. తువ్వాల్లో చేతులు తుడుచుకుంది, తుడిచినవే మళ్లీ తుడుచుకుంది. "ఆడజింకల వేటకాలం అక్టోబరు దాకా మొదలవదు. అందుకే కదా నువ్వు ఆగింది. ఆ నియమం రాసినవాళ్లకి ఒక సీసా పాకం పంపిస్తాను. కానీ వచ్చేవారం నీది ఆడజింక ట్యాగు కాదు. ఎదురుగా రాళ్లలో కదిలేది పొట్టేలనిపిస్తే చాలు, కొట్టడానికి అనుమతి ఉంది నీకు. అక్కడ కదిలేది కొరిన్."

ఆర్వల్ కూతురి వైపు తిరిగాడు. తిరిగి, ముఖం వైపు కాకుండా ఆమె భుజం అవతల గోడ వైపు చూశాడు. అప్పుడు నెడ్రా గమనించింది. అలా చూడడం ఆమెకి కొత్త కాదు. వసంతకాలం నుంచీ అతను ఎవరితో మాట్లాడినా పక్కకే చూస్తున్నాడు. ఈ మనిషికి తన మీంచి మనసు మళ్లిందనుకుంది, ట్యాగు పిచ్చి అనుకుంది, ముసలితనం అనుకుంది. ఒక్కటి తప్ప అన్నీ అనుకుంది.

"ఆర్వల్" అంది. "నీ కంటికేమైంది?"

అతను పడిపోయిన కుర్చీని తడిమి లేపి కూర్చున్నాడు. బల్ల అంచు పట్టుకుని చెప్పాడు. మంచు కరిగే రోజుల్లో మొదలైందట. గొర్రెమాంసం కొనడానికని చెప్పి వెళ్లిన రోజు నిజానికి పట్నంలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట. కుడికన్ను నడిమధ్య చూపు పోయింది, ఎడమది అదే దారిలో ఉంది, అంచులు మాత్రం మిగులుతాయి అన్నాడట డాక్టరు. ఆ రోజు ఇంటికి కారు తనే నడుపుకుంటూ వచ్చాడు.

"నేరుగా చూసిన చోట బూడిద మరక. ఏది చూద్దామంటే అది పోతుంది. పెద్ద అద్దం పెడితే మరక కన్నా పొట్టేలు పెద్దదవుతుందనుకున్నా." తన మాటకి తనే నవ్వబోయాడు, కుదరలేదు. "అవ్వలేదు. మరక కూడా పెద్దదైంది."

కొరిన్ అటు తిరిగి పళ్లేలు కడగడం మొదలుపెట్టింది. తిన్నవీ తిననివీ అన్నీ కడుగుతోంది. ఆమె వీపు కదులుతోంది.

ముందే ఎందుకు చెప్పలేదని నెడ్రా అడగలేదు. చెబితే ట్యాగు పోతుంది, ఆ వెనకే కారు, ఆ వెనక చర్చి గదిలో ముందు నిలబడే చోటు. అంత మాత్రం ఆమెకి తెలుసు. ఆమె అడిగింది వేరే.

"నా ముఖం కూడానా?"

"జుట్టు కనిపిస్తుంది. చెవులు కనిపిస్తాయి." చేత్తో గాలిలో ఆమె ముఖమంత గుండ్రం చుట్టాడు. "మధ్యలో నువ్వుండవు. ఇవాళ నిన్ను ఎన్ని సెకన్లు చూశానో తెలుసా? గురిగీతలు నీ భుజం మీద పెట్టి, అది కాస్త పక్కకి తిరిగితే ఎంత బావుండునో అనుకుంటూ చూశాను. నలభై ఏళ్లుగా కలిసున్న మనిషిని గుర్తుపట్టలేదు, నెడ్రా."

ఆమె ఇందాకటి నుంచీ దాచుకున్న భయం అప్పుడు బయటికొచ్చింది. తువ్వాల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. చచ్చిపోయేదాన్ని కదా అని కాదు. ఆరు నెలలుగా ఈ ఇంట్లో తనకి ఎదురుగా కూర్చుని, తను లేని చోట తనని వెతుక్కుంటూ కాఫీ తాగాడే ఒంటరిగా, అందుకు.

కొరిన్ చేతులు తుడుచుకుని వెళ్లి రైఫిల్ తెచ్చింది. తూటా తీసేసి తండ్రి చేతిలో పెట్టింది. అతను ఆ తూటాని వేళ్ల మధ్య తిప్పి, ఆమెకే తిరిగి ఇచ్చాడు. రేపు ఆ తుపాకీ ఎవరికైనా అమ్మేయమన్నాడు. ట్యాగు వృథా పోతుందని కూడా అతనే అన్నాడు. పోనీ అంది కొరిన్. కొండ ఎక్కడానికి ట్యాగు అక్కర్లేదు కదా, ఎక్కుదాం, పొట్టేలు ఎక్కడుందో నేను చూసి చెబుతాను, కొమ్ములు ఎంత తిరిగాయో కూడా చెబుతాను అంది. నువ్వు చెప్పే కొలతలు నమ్మను, మీ అమ్మని తీసుకురా అన్నాడు ఆర్వల్.

కొరిన్ వెళ్లిపోయాక ఇంట్లో మాడిన పాకం వాసన మిగిలింది. కిటికీ అవతల కొండ మీద ఎక్కడో మంట ఎర్రగా పాకుతోంది. నెడ్రా కాఫీ కప్పులు రెండు తెచ్చి ఎప్పటిలా అతని ఎదురుగా కూర్చుంది. కూర్చున్నాక గుర్తొచ్చింది. కుర్చీ పట్టుకుని లేచింది.

"ఎక్కడ కూర్చుంటే కనిపిస్తాను?"

అతను చేత్తో చూపించాడు. కాస్త ఎడమకి జరిగింది. ఇంకొంచెం అన్నాడు. కుర్చీ కాళ్లు నేల మీద గీసుకుంటూ బల్ల మూల దాకా వచ్చాయి. ఆర్వల్ తల కదపకుండా ఎదురుగా ఖాళీ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఉన్నావు" అన్నాడు.