ఉప్పు నీళ్ళ ఆదివారాలు

"చేపలియ్యనంటే షాపెందుకు తెరిచినవ్ అన్నా?"

అలేఖ్య నాతో అన్న మొదటి మాట ఇది. కరీంనగర్‌లో నాది అక్వేరియం షాపు. గాజు తొట్టి, సముద్రపు ఉప్పు, రాళ్ళు, లైటు అన్నీ కొనేసి, చేపలు కూడా ఆ పూటే కావాలని కౌంటర్‌కి అడ్డంగా నిలబడింది.

"గిది మామూలు తొట్టి గాదు మేడం, సముద్రం. నీళ్ళల్ల మంచి బ్యాక్టీరియా పెరగాలె. ఐదారు వారాలైతది. ఇయ్యాల ఏస్తే రేపు సస్తయ్."

"ఐదారు వారాలా? వరినారు గూడ నెలకే నాటుకొస్తది!"

వాళ్ళ బాపు మస్కట్‌లో పనిచేస్తాడు. అక్కడి సముద్రంలో పగడాల వీడియోలు పంపేవాడట. చూసి చూసి ఈమెకు పిచ్చి పట్టింది.

నాకు కోపం తొందరగా వస్తుంది. చేపల్ని చంపేవాళ్ళకి చేపలమ్మను. అందుకే వాళ్ళ ఊరు చొప్పదండి వెళ్ళి నేనే తొట్టి పెట్టి, ప్రతి ఆదివారం వచ్చి నీళ్ళు పరీక్షిస్తానన్నాను.

అరవై లీటర్ల తొట్టి. రెండో వారం రాళ్ళ మీద గోధుమరంగు పాచి పట్టింది. "ఛీ, గిదేం కర్మ!" అని అలేఖ్య గీకబోతే, అది దానంతటదే పోతుందని చెయ్యి పట్టి ఆపాను. అవసరం కంటే కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాను. నాలుగో వారానికి ఆమె నన్ను అన్నా అనడం మానేసింది. వాళ్ళవ్వ బాలవ్వ చాయ్ ఇచ్చి, గడపలో కూర్చుని మమ్మల్నే చూసేది.

ఆరో వారానికి నీళ్ళు తయారయ్యాయి. చేపలు వేసెయ్యొచ్చు. కానీ వేస్తే నాకక్కడ పనుండదు.

"ముందుగాల ఒక్క పగడం పెడదాం. అది నిలదొక్కుకోవాలె" అని చిన్న ముక్క పెట్టాను. పువ్వులా విచ్చుకుంది.

ఆ తర్వాతే ఉప్పు పెరగడం మొదలైంది. మీటర్‌లో ముప్పై అయిదు ఉండాల్సింది, వారానికొకటి చొప్పున ముప్పై తొమ్మిదికొచ్చింది. పగడం ముడుచుకుపోయింది.

"ఆవిరై తగ్గినన్ని మంచినీళ్ళే పొయ్యమన్న. ఉప్పు కలిపినవ్ గదా?"

"లే, మంచినీళ్ళే పోసిన."

"మరి ఉప్పు మొగులు మీదికెళ్ళి పడ్డదా? నీకు ఓపిక లేదు, ఏదో ఒకటి చేస్తనే ఉంటవ్."

అలేఖ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఇగ రాకు. నా తొట్టి నేను జూసుకుంట."

రెండు ఆదివారాలు గడిచాయి. షాపులో ఎవరేం అడిగినా కసురుకున్నాను. నాకు తొట్టి గుర్తు రావడం లేదు, ఆమే గుర్తొస్తోంది.

బుధవారం పొద్దున బాలవ్వ బస్సు దిగి షాపుకొచ్చింది.

"రాకేశూ, ఉప్పు నేనే ఏసిన బిడ్డా!"

"నువ్వా? ఎందుకవ్వా?"

"వాడకట్టంత మీ ఇద్దరి దిక్కే సూడవట్టిరి. నువ్వు బండెక్కంగనే పొల్లకు దిష్టి తీస్తుంటి. తీసిన ఉప్పు నీళ్ళల్ల కరగాలె గద. ఇంట్లనే ఉప్పునీళ్ళున్నయ్, ఇగ బయటికెందుకని ఆ తొట్టిలనే ఏసిన."

"ఒక్క అలేఖ్యకేనా?"

"నీ పేరు గూడ తలుసుకొనే తీసిన. తప్పా?"

బండి మీద రెండు క్యాన్ల మంచినీళ్ళు వేసుకుని, బాలవ్వను వెనక కూర్చోబెట్టుకుని చొప్పదండి వెళ్ళాను.

తొట్టిలోంచి మగ్గుతో ఉప్పునీళ్ళు తీసి, మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పోశాను. బాలవ్వ ఉప్పు సంగతంతా చెప్తుంటే అలేఖ్య పక్కనే నిలబడి వింది.

"తప్పైంది. మీటర్‌ను నమ్మిన, నిన్ను నమ్మలే."

"ఊఁ."

"ఇంకోటి జెప్పాలె. చేపలు నెలన్నర కిందనే ఏసుకోవచ్చుండె. నేనే ఆపిన."

"ఎందుకు?"

"ఏస్తే నిన్ను జూసేటందుకు సాకుండది గద. నువ్వంటే నాకిష్టం అలేఖ్యా. జెప్పనీకి భయమైంది."

"నాకు ఓపిక లేదంటివి! నెలన్నర దినాలు ఉత్త నీళ్ళు సూపిచ్చుకుంట కూసోవెట్టినవా?" అని నా వీపు మీద ఒక్కటి గట్టిగా వేసింది. నవ్వుతోంది, కళ్ళు కూడా తుడుచుకుంటోంది. వెంటనే ఫోన్ తీసింది.

"బాపుకు జేస్తున్న. నువ్వే మాట్లాడు."

"ఇప్పుడేనా? జర ఆగు, వచ్చే ఆదివారం..."

"ఇగ ఒక్క వారం గూడ ఆగ" అని ఫోన్ నా చెవికి ఆనించింది. మస్కట్‌లో అప్పటికే రింగవుతోంది.